ప్రామాణిక తల

ఆ తెల్లవారుజామున గెడ్డవలస మీద ఆకాశం ఒక నిర్ణయానికి రాలేకపోయింది. తూర్పు కొండ మీదికి మబ్బొకటి దిగి, నాలుగు చినుకులు రాల్చి, తప్పు చేసినట్టు మళ్లీ పైకి పోయింది. పడమట రెండు చుక్కలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. దాలినాయుడు తలెత్తి ఒకసారి చూశాడు. ఈ మబ్బు తిరిగి రాదని తేల్చుకుని, డబ్బాలో సున్నం కలుపుకున్నాడు.

మార్కెట్ యార్డు వెనకాల మైదానానికి అతను కాపలాదారు. గేటు తియ్యడం, గడ్డి కొయ్యడం, నాలుగువందల మీటర్ల గుండ్రటి గీతకు సున్నం వెయ్యడం అతని పనులు. ఎవరూ చెప్పని పని ఇంకొకటి పెట్టుకున్నాడు. పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షకు తయారయ్యే తొమ్మిదిమందిని పొద్దున్నే పరుగెత్తించేవాడు. అతని చేతిలో గడియారం ఉండదు. మైదానం నడిమధ్య నిలబడి కళ్లు మూసుకుంటాడు. కాలిచప్పుడు విని, ఎవరెక్కడున్నారో, ఎవరికి ఊపిరి చాలడం లేదో చెబుతాడు.

"గవురీ, ఎడంకాలు అరుస్తంది. బుజాలు దించు."

ఆ మాట వినగానే గీత అవతలి కొసన గౌరీశ్వరి భుజాలు దిగేవి, కాలిచప్పుడు మెత్తబడేది.

గౌరీశ్వరి జీడిపిక్కల ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. ఎనిమిదింటికి కూత కూసేలోగా పరుగు ముగించుకుని వెళ్లాలి. కిందటిసారి పదహారువందల మీటర్లలో పదకొండు సెకన్లు వెనకబడి ఇంటికొచ్చేసింది. ఇదే ఆఖరు. ఈ ఏడు పోతే వయసు మించిపోతుంది. పరీక్ష ఇంకా నలభై రోజులుంది.

నాలుగో రౌండు నడుస్తుండగా గేటు దగ్గర జీపు ఆగింది. జిల్లా పరుగు ప్రోత్సాహక మండలి ఇన్‌స్పెక్టరు జగన్నాయకులు దిగి, గేటుకు కాగితం అంటించి, గొంతు సవరించుకుని చదివాడు.

"మండలి అధీనమందలి ఏ మైదానమునందైననూ, అధీకృత శ్రవణ సాధనము ధరింపనిదే ఎవరునూ వ్యాయామార్థము పరుగిడరాదు."

పరుగు ఆగింది. తొమ్మిదిమందీ రొప్పుకుంటూ గేటు దగ్గరకొచ్చారు.

"శ్రవణ సాధనమంటే ఏటి బావు?" అన్నాడు దాలినాయుడు.

"హెడ్‌ఫోన్స్."

"మరలాగనే రాయొచ్చు కదేటి?"

"అలా రాస్తే అందరికీ అర్థమైపోతుంది. ఇక దాన్ని ఉత్తర్వని ఎవరంటారు?"

విషయం ఏమిటంటే, మండలి అధ్యక్షులవారు కిందటి నెల పట్నం వెళ్లారు. తెల్లవారి అక్కడి పార్కులో వందమంది పరుగెత్తుతూ కనిపించారు. వందమంది చెవుల్లోనూ హెడ్‌ఫోన్సు ఉన్నాయి. అధ్యక్షులవారు బెంచీ మీద కూర్చుని టీ పూర్తయ్యేదాకా ఆలోచించారు. మన జిల్లాలో జనం పరుగెత్తకపోవడానికి కారణం చెవులు ఖాళీగా ఉండటమేనని గ్రహించారు. తిరిగొచ్చిన రోజే ఉత్తర్వు తయారైంది.

తొమ్మిదిమందిలో తవిటినాయుడనే కుర్రవాడు ముందుకొచ్చాడు. "నా సెవుల్లో ఉన్నాయి కదండీ. మా బావ పెల్లికి ఇచ్చినాడు. నాను పరిగెట్టొచ్చా?"

"అవి అధీకృతం కావు. తీసి ఇలా ఇవ్వు."

"మరి అధీకృతమైనవి ఎవులిస్తారు?"

"మండలే ఉచితంగా ఇస్తుంది. ఏ రకం ఇవ్వాలో ఎంపిక సంఘం తేల్చాలి."

"తేల్చేదాకా?" అంది గౌరీశ్వరి.

"నడవండమ్మా. రెండు పాదాలూ ఒకేసారి నేలను వదిలితే పరుగు. ఒకటి నేల మీదుంటే నడక. నడకకు మండలికి అభ్యంతరం లేదు."

జీపు వెళ్లిపోయింది. గౌరీశ్వరి గేటుకున్న కాగితం కేసి చూస్తూ, "నలబై రోజులు మావా," అంది. దాలినాయుడు మిగిలిన సున్నం డబ్బాలోనే ఉంచి మూత పెట్టాడు.

*

అయిదో రోజున ఎంపిక సంఘం సమావేశానికి దాలినాయుడుకు పిలుపొచ్చింది. హోదా, క్షేత్రస్థాయి ప్రతినిధి. కూర్చోవచ్చు, ఓటు లేదు. గౌరీశ్వరి ఫ్యాక్టరీలో ఒక పూట సెలవు పెట్టి వెంట వెళ్లింది.

సంఘంలో ఏడుగురు సభ్యులు. ఏడుగురిలో ఒక్కరైనా బస్సు కోసం కూడా పరుగెత్తిన మనుషుల్లా లేరని దాలినాయుడికి వాళ్లు కుర్చీల్లోంచి లేచే తీరు చూడగానే తెలిసిపోయింది. బల్ల మీద పదకొండు రకాల హెడ్‌ఫోన్స్ పరిచి ఉన్నాయి. చెవిలో దూరేవి, చెవి మీద కూర్చునేవి, తీగ ఉన్నవి, లేనివి. ఒకటైతే రెండు కొబ్బరిచిప్పల్ని ఇనపబద్దతో కలిపినట్టుంది.

"పరుగెట్టి సూపిస్తానండి," అంది గౌరీశ్వరి. "ఏది ఊడిపోతాదో, ఏది నిలబడతాదో ఒక్క రౌండులో తెలిసిపోతాది."

కార్యదర్శి వేదనారాయణగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "అమ్మా, నీవు లబ్ధిదారువు. పరుగెత్తువారికి పరుగుపై అభిమానముండును. అభిమానమున్నచోట నిష్పాక్షికత ఉండదు. కావున పరుగుతో ఏ సంబంధమూ లేనివారే పరీక్షింపవలెనని నియమావళి."

పరీక్ష మొదలైంది. ఒక్కో సభ్యుడు ఒక్కో హెడ్‌ఫోన్ తగిలించుకుని చక్రాల కుర్చీలో కూర్చుంటే, గుమాస్తా ఏడు చుట్లు తిప్పుతాడు. ఊడిపడకపోతే పరుగుకు పనికొచ్చినట్టు. మూడో సభ్యుడు నాలుగో చుట్టుకే కళ్లు తిరిగి కింద పడ్డాడు. అతని తల మీది కొబ్బరిచిప్పల హెడ్‌ఫోన్ మాత్రం చెక్కుచెదరలేదు. దానికి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పడ్డాయి.

తర్వాత చెమట పరీక్ష. ఏసీ గదిలో సభ్యులకు చెమట పట్టలేదు. ఏసీ ఆపుదామంటే, ఆపే అధికారం భవనాల విభాగానిదని తేలింది. చివరికి క్షేత్రస్థాయి ప్రతినిధిని నాలుగు అంతస్తుల మెట్లు ఆరుసార్లు ఎక్కించి దింపారు. ప్రతి మెట్టు మీదా ఒక పాదం ఆనించే ఉంచాలని గుమాస్తా వెనకాలే వచ్చి చూశాడు. దాలినాయుడి నుదుటి చెమటను రుమాలుతో అద్ది, ఆ రుమాలుతో పదకొండింటినీ తుడిచి, 'తడిసినది' అని రాసుకున్నారు.

ఈలోగా గౌరీశ్వరి బల్ల చివర్నుంచి ఒకటి తీసి పెట్టుకుని చూసింది. చిన్న కొక్కెంలా చెవి మీదుగా వచ్చి, చెవికి ముందు ఎముక మీద ఆనుకుంటోంది. చెవి రంధ్రం తెరిచే ఉంది.

"ఇది బాగుంది మావా. తల విదిలించినా కదల్లేదు. నువ్వు పిలిస్తే ఇనబడతాది. ఎనకాల లారీ వొచ్చినా ఇనబడతాది."

"ఏదీ, చూడనిండు," అన్నారు వేదనారాయణగారు. అటూ ఇటూ తిప్పారు. "చెవి మూయబడుట లేదు. చెవిని మూయనిది శ్రవణ సాధనమెట్లగును? తిరస్కరించడమైనది."

"మూసేస్తే లారీ ఎలాగినబడతాదండీ?"

సమంజసమైన ప్రశ్నే. భద్రత మీద అక్కడికక్కడే ఉపసంఘం వేశారు. ఉపసంఘం పక్కగదిలోకి వెళ్లి టీ తాగి వచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకున్న ప్రతి మనిషికీ ముందు ఒక హెచ్చరికదారు పరుగెత్తాలి, వాహనం వస్తే ఎర్రజెండా ఊపాలి అని సిఫారసు చేసింది.

"ఆ జెండా మనిషి కూడా పరుగే కదండీ," అన్నాడు దాలినాయుడు మెల్లగా. "ఆడికీ సెవులు మూయాల కదా మరి?"

హెచ్చరికదారుకూ హెడ్‌ఫోన్ తప్పదు. అప్పుడతనికి ముందు ఇంకొక హెచ్చరికదారు కావాలి. అతనికి ముందు మరొకడు. గంటన్నర చర్చించి, అందరికన్నా ముందు పరుగెత్తే హెచ్చరికదారు పోస్టును ఖాళీగా ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

*

పదమూడో రోజున తలల కొలతలు మొదలయ్యాయి. తల ఎంతుంటుందో తెలియకుండా హెడ్‌ఫోన్ ఎంపిక చేయడం శాస్త్రీయం కాదని సాంకేతిక విభాగం రాసింది. కనుక మండలికి సంబంధించిన తలలన్నీ కొలిచి, సగటు తీసి, ఒక ప్రామాణిక తలను నిర్ణయించాలి.

టేపు తీసుకుని జగన్నాయకులు గెడ్డవలస వచ్చాడు. తొమ్మిదిమందినీ వరసలో నిలబెట్టి కొలిచాడు. దాలినాయుడి తల ఇరవై రెండంగుళాలు. గౌరీశ్వరిది ఇరవై ఒకటి.

"జాగర్తగా రాయండి బావు," అన్నాడు దాలినాయుడు. "ఆఫీసులో అందరిదీ కొలిసీసినారా?"

జగన్నాయకులు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "అధ్యక్షులవారి తల మీద టేపు పెట్టే ధైర్యం ఎవరికుంటుందయ్యా? దూరం నుంచి అంచనా వేసి, గౌరవార్థం నలభై అంగుళాలు రాశాం."

"నలబయ్యా!"

"తక్కువ రాస్తే ఊరుకుంటారా? కార్యదర్శిగారు అది చూసి తనది ముప్పైఎనిమిది వేయించుకున్నారు. ఉపకార్యదర్శులు ముప్పైఆరు. సూపరింటెండెంట్లు సీనియారిటీని బట్టి. మా గుమాస్తా ఒకడు అసలు కొలతే రాయించుకున్నాడు, పాపం. వాడికి మెమో ఇచ్చారు."

"మరి తమదో బావు?"

"ముప్పైరెండు," అన్నాడు జగన్నాయకులు. టేపు చుట్టుకుంటూ కాస్త సిగ్గుపడ్డాడు. "వచ్చే నెల ప్రమోషనుంది."

మండలిలో ఆఫీసు తలలు ఎక్కువ, పరుగెత్తే తలలు తక్కువ. సగటు ముప్పైమూడంగుళాలు తేలింది. ప్రామాణిక తల ఖరారైంది. ఆ కొలతకు హెడ్‌ఫోన్స్ తయారు చేయించమని కొబ్బరిచిప్పల నమూనాను పంపించారు.

రోజులు పోతూనే ఉన్నాయి. గౌరీశ్వరి పొద్దున్నే వచ్చి మైదానం చుట్టూ నడిచేది. దాలినాయుడు కళ్లు మూసుకుని వినేవాడు. నడకలో అతనికి వినవలసింది ఏమీ లేదు. పదహారో రోజున ఆమె గీత మీదే కూర్చుండిపోయింది.

"కాళ్లు మొద్దుబారిపోతన్నాయి మావా. ఊరి రోడ్డు మీద పరిగెడదామంటే అదీ మండలి కిందకే తెచ్చీసినారు. ఇంటి దగ్గర పరిగెడదామంటే వాకిలి పది అడుగులుంది. ఇంక ఒదిలీమంటావా?"

దాలినాయుడు గేటు దగ్గరికి పోయి, ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా, కింద చీమలంత అక్షరాలతో సహా, వేలు పెట్టి చదువుకున్నాడు. ఏడో నిబంధన దగ్గర వేలు ఆగింది. వ్యాయామార్థము గాక, తప్పించుకొనిపోవు పశువును పట్టుకొనుట వంటి జీవనావసరముల నిమిత్తము పరుగిడువారికి ఈ ఉత్తర్వు వర్తించదు.

తిరిగొచ్చి, "రేపు పెందలకడ రా," అన్నాడు.

మర్నాడు గౌరీశ్వరి వచ్చేసరికి మైదానంలో దాలినాయుడి గేదె పెయ్య ఉంది. దాలినాయుడు సైకిలెక్కి ఉన్నాడు. వెనక క్యారేజీకి తవుడు బకెట్టు కట్టి ఉంది. సైకిలు తొక్కడం పరుగు కాదు. సైకిలు సున్నం గీత వెంబడి కదిలింది. తవుడు వాసనకి పెయ్య దాని వెనక పడింది. పెయ్య వెనక గౌరీశ్వరి, తప్పించుకుపోయిన పశువును పట్టుకోవడానికి, జీవనావసర నిమిత్తం.

నాలుగు రౌండ్లు. గిట్టల టకటకల్లోంచి ఆమె కాలిచప్పుడును ఏరుకుంటూ, వెనక్కి తిరగకుండానే దాలినాయుడు అరిచాడు. "గవురీ! బుజాలు!"

వారం తిరగకముందే మిగతా ఎనిమిదిమందీ తమ తమ పశువులతో దిగారు. ఎక్కువమంది మేకలు తెచ్చుకున్నారు. తవిటినాయుడు ఇంట్లో వేరేదేదీ లేక కోడిపుంజును పట్టుకొచ్చాడు. వాడొక్కడే ఏ పూటా గీత మీద పరుగెత్తలేదు.

ఇరవైఆరో రోజున జగన్నాయకులు జీపు దిగి, చాలాసేపు చూశాడు.

"నాయుడూ, ఏమిటిది?"

"పెయ్య తప్పించుకుంది బావు."

"రోజూ ఇదే వేళకు తప్పించుకుంటుందా?"

"దానికి టైము అలవాటైపోనాది."

"ఇన్ని మేకలూ?"

"దాన్ని సూసి నేర్సుకున్నాయి."

జగన్నాయకులు నివేదిక పంపాడు. నివేదిక మీద వేదనారాయణగారు స్వయంగా అభిప్రాయం రాశారు. సదరు యువతి పశువును పట్టుకొనుటకై పరుగిడుచున్నది, అభ్యంతరము లేదు. అయితే పెయ్య ఏ పనిమీద పరుగిడుచున్నదో విచారించి తెలుపవలెను.

విచారణకు జగన్నాయకులు మళ్లీ వచ్చాడు.

"తవుడు కోసం బావు," అన్నాడు దాలినాయుడు.

"తవుడు అందుతోందా?"

"సైకిలు ఆగీదాకా అందదు."

అది కూడా రాసుకుపోయాడు. మూడు రోజుల్లో జవాబు వచ్చింది. ఫలితము లేకుండ పరుగిడుట వ్యాయామమే. ఉత్తర్వులోని 'ఎవరునూ' అను పదము పెయ్యను మినహాయించుట లేదు. కావున సదరు పెయ్య అధీకృత శ్రవణ సాధనము లేకుండ మైదానమున పరుగిడరాదు. ప్రామాణిక తలకు తయారైన నమూనా అందినది. ఎంపిక సంఘము స్వయముగా వచ్చి తుది పరీక్ష జరుపును.

*

ముప్పైఏడో రోజున మూడు జీపులు వచ్చాయి. ఏడుగురు సభ్యులూ దిగి, షామియానా నీడలో కూర్చున్నారు. గుమాస్తా పట్టుగుడ్డ విప్పి నమూనా పైకెత్తాడు. వేదనారాయణగారు ముందుగా తన తలకు పెట్టుకున్నారు. అది జారి మెడలో దండలా పడింది. ఆయన దాన్ని అలాగే కొంచెంసేపు ఉంచుకుని, అదే ఉద్దేశమన్నట్టు తీసి పక్కవారికిచ్చారు. పక్కవారి మెడలోనూ దండే అయింది. ఏడు మెడలూ తిరిగి అది జగన్నాయకులి చేతికొచ్చింది. తన తల రాయించుకున్నదానికన్నా చిన్నదని ఎవరికి వారికి తెలుసు, పక్కవాడి ముందు ఒప్పుకోవడానికి లేదు.

"పెయ్యకు పెట్టుము," అన్నారు వేదనారాయణగారు.

జగన్నాయకులు భయపడుతూ వెళ్లి, పెయ్య నెత్తి మీదుగా బద్ద వేసి, రెండు చిప్పలూ చెవుల మీదికి లాగాడు. కుదురుగా కూర్చుంది. పెయ్య ఒకసారి తల విదిలించింది. ఊడలేదు. దాలినాయుడు సైకిలు తొక్కాడు. బకెట్టు వెనక పెయ్య, పెయ్య వెనక గౌరీశ్వరి. నాలుగు రౌండ్లు పూర్తయ్యాయి. చిప్పలు కదల్లేదు. చెమటకు చెడలేదు.

సభ్యులు లేచి చప్పట్లు కొట్టారు. "చూచితిరా!" అన్నారు వేదనారాయణగారు. "ఈ పరీక్షార్థికి పరుగుపై అభిమానము లేదు. సంఘములో బంధువులు లేరు. ఇంతకన్నా నిష్పాక్షికమైన పరీక్ష ఈ జిల్లాలో ఇంతకుముందు జరుగలేదు. నమూనా ఆమోదించడమైనది!"

గౌరీశ్వరి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. ఆమె ఎంతసేపట్లో పరుగెత్తిందో అడిగినవాళ్లు లేరు.

హెడ్‌ఫోన్స్ పంపిణీ సభ నాలుగోరోజున, మైదానంలోనే, విందుతో సహా అని అక్కడే ప్రకటించారు. అప్పటిదాకా మనుషులు గానీ పశువులు గానీ పరుగెత్తరాదు. లబ్ధిదారులూ కాపలాదారూ తప్పక హాజరు కావాలి.

"ఆవేళే కదా నా పరుగు," అంది గౌరీశ్వరి జీపులు వెళ్లాక. "నువ్వు రావా మావా?"

"నాను రాకపోతే గేటు తాళం ఇంకొకడికి ఇచ్చీస్తారంట. నువ్వెల్లు." అని సైకిలుకి స్టాండు వేశాడు. "పరుగుకి ముందు మూడు రోజులు కాళ్లకి రెస్టు మంచిదే. మండలోళ్లు తెలీక ఇదొక్కటి మంచి పని సేసినారు."

"నువ్వు నేకపోతే బుజాలు దించమని ఎవులు సెప్తారు?"

"పెయ్య ముందుందనుకో," అన్నాడు దాలినాయుడు.

*

సభ రోజున మైదానమంతా రంగుకాగితాలు కట్టారు. అధ్యక్షులవారి ప్రసంగం హెడ్‌ఫోన్స్ ద్వారానే వినాలని, శ్రవణ సాధనాల సభలో మైకు పెట్టడం మండలిని అవమానించడమేనని ముందే నిర్ణయమైంది. అందరి తలలకూ ఒక్కొక్కటి తగిలించారు. అవి జారిపోతున్నాయి. అందరూ ఎడమచేత్తో చిప్పను చెవికి అదిమి పట్టుకున్నారు. అధ్యక్షులవారు వేదిక మీద నోరు కదుపుతున్నారు. మైదానంలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

ప్రసంగం ఒంటిగంటకు అవ్వాలి. రెండైనా అవలేదు. అన్నం చల్లారిపోతోందని వంటవాళ్లు వచ్చి సైగ చేశారు. వేదనారాయణగారు కాగితమ్ముక్క మీద రాసి పంపించారు: ప్రసంగమును వినుచునే భుజింపవచ్చును.

బల్లల మీద ఆకులు వేశారు. అయిదువందలమంది ఎడమచేత్తో చెవి పట్టుకుని, కుడిచేత్తో అన్నం కలుపుకుంటున్నారు. కావలసినవేవో నోటితో అడగడానికి లేదు. వడ్డించేవాళ్ల చెవులూ మూసే ఉన్నాయి. సాంబారు కావలసినవాడికి పెరుగు పడింది. వాడు అదే తిన్నాడు.

దాలినాయుడు వరస చివర కూర్చున్నాడు. పప్పూ అన్నం కలిపాడు గానీ ముద్ద ఎత్తలేదు. గేటు కేసే చూస్తున్నాడు. పరుగు పొద్దున్న ఆరింటికి. అయిపోయి ఎనిమిది గంటలవుతోంది. జేబులో ఫోన్ రెండుసార్లు వణికింది. తీసి చూస్తే ఫ్యాక్టరీ వాళ్లు, గౌరీశ్వరి పనిలోకి రాలేదేమని అడగడానికి చేసి ఉంటారు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

రెండున్నరకు ఆమె గేట్లోంచి వచ్చింది. బస్టాండు నుంచి నడిచినట్టుంది, చెప్పుల మీద ఎర్రటి దుమ్ము. మొహంలో ఏమీ తెలియడం లేదు. వాలంటీరొకడు ఎదురెళ్లి ఆమె తలకు హెడ్‌ఫోన్ తొడిగాడు. అది జారి మెడలో పడింది. ఆమె దాన్ని పట్టించుకోకుండా వచ్చి, దాలినాయుడి ఎదురుగా ఖాళీ ఆకు ముందు కూర్చుంది.

అతను చెవి మీది చిప్ప తీసేస్తే అడగొచ్చు, ఆమె జవాబు వినొచ్చు. అయినా అడగలేకపోయాడు. ఆమె తలొంచుకుని, ఆకు మీద నీళ్లు చల్లి తుడిచింది. అన్నం పడింది. పప్పు పడింది. కలపడానికి ఆమె కుడిచెయ్యి చాపినప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగింది. ముంజేతి మీద నీలం సిరాతో గుండ్రటి ముద్ర ఉంది. దాని మధ్యలో నంబరు. పరుగులో నెగ్గి రెండో పరీక్షకు వెళ్లేవాళ్లకే ఆ ముద్ర వేస్తారు. చెమటకు అంచు కాస్త చెదిరింది గానీ, నంబరు స్పష్టంగా ఉంది.

దాలినాయుడు చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత తన తల మీది హెడ్‌ఫోన్ తీసి బల్ల కింద పెట్టాడు. బూరెల పళ్లెంతో వెళ్తున్న మనిషిని ఆపి, ఆమె ఆకు చూపించి, రెండు వేళ్లు ఎత్తాడు. అతను రెండు వేశాడు. దాలినాయుడు మళ్లీ రెండు వేళ్లు ఎత్తాడు.

ఆమె తలెత్తి చూసింది. ఆకలి మీద ఉంది, మొదటి ముద్ద అప్పుడే నోట్లో పెట్టుకుంది. అతను కూడా తన ముద్ద ఎత్తాడు. వేదిక మీద అధ్యక్షులవారి నోరు ఇంకా కదులుతోంది. వాళ్లిద్దరూ తలలొంచుకుని, అన్నం అయ్యేదాకా తిన్నారు.